నైజర్ డెల్టా: బావి నీటిలో చమురు

నైజీరియా దక్షిణాన నైజర్ నది పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట మడ అడవులు, చేపలవేట, కర్రపెండలం సాగు తరతరాల బతుకుదెరువు. 1956లో అక్కడి ఒలోయిబిరి దగ్గర చమురు పడింది. 1958లో ఎగుమతులు మొదలయ్యాయి. దేశ ఖజానాను నింపిన ఆ చమురే డెల్టా ఊళ్ల గాలినీ నీటినీ చెడగొట్టింది.

ముందు గాలి. చమురుతోపాటు పైకొచ్చే సహజవాయువును ఒడిసిపట్టడం ఖర్చని క్షేత్రాల్లోనే మండించేశారు. 1984 నుంచి అనుమతి లేనిదే మండించరాదని 1979లో చట్టం చేశారు. అనుమతుల చాటున, నామమాత్రపు జరిమానాల చాటున మంటలు కొనసాగాయి. ఇలా మండించడం జీవించే హక్కుకు భంగమని 2005లో ఫెడరల్ హైకోర్టు తీర్పిచ్చినా ఆరలేదు.

తర్వాత నీరు. తుప్పుపట్టిన పైపులైన్లు కారాయి. దొంగలు వాటికి కన్నాలు వేశారు. నాటుబట్టీల్లో ముడిచమురు కాచి, మిగిలిన మడ్డిని వాగుల్లో వదిలారు. గాలి పీల్చే వేళ్లకు జిడ్డు పట్టి మడచెట్లు ఎండిపోయాయి. ఆ వేళ్ల నడుమ పెరిగే చేపపిల్లలకు నీడ పోయింది.

డెల్టాలోని ఒగోనీ ప్రజలు 1990లో హక్కుల పత్రం ప్రకటించారు. రచయిత కెన్ సారో-వివా వారి గొంతుకయ్యారు. 1993లో చమురు సంస్థ షెల్ ఆ ప్రాంతంలో ఉత్పత్తి ఆపేసింది. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఆయననూ మరో 8 మందినీ ఉరితీసింది.

కాలుష్యం మాత్రం మట్టిలోనే ఉండిపోయింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నివేదిక దాన్ని లెక్కలతో చూపింది. ఒగోనీ ప్రాంతంలోని నిసిసియోకెన్ ఒగాలేలో జనం తాగే బావినీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లకు పైగా బెంజీన్ ఉన్నట్టు తేలింది. ఇది రక్తక్యాన్సర్ తెచ్చే రసాయనం. అక్కడే ఒకచోట భూగర్భజలంపై 8 సెంటీమీటర్ల మందాన చమురు తేలుతూ కనిపించింది. పూర్తిగా బాగుచేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని నివేదిక తేల్చింది.

2008 నాటి చమురు లీకులకు డెల్టాలోని బోడో గ్రామస్థులు షెల్‌పై లండన్‌లో దావా వేసి, 2015లో 5.5 కోట్ల పౌండ్ల పరిహారం సాధించారు. 2021లో హేగ్ అప్పీలు కోర్టు కూడా షెల్‌పై దావాలో డెల్టా రైతుల పక్షాన తీర్పిచ్చింది. 2025లో షెల్ నైజీరియాలోని నేలమీది చమురు వ్యాపారాన్ని అమ్మేసింది. చట్టమొచ్చింది, తీర్పులొచ్చాయి, శాస్త్రీయ నివేదికా వచ్చింది. సకాలంలో అమలే రాలేదు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014లో అదే కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా బలయ్యారు. చమురు, గ్యాస్ తీసే ప్రతి మండలంలో తాగునీటిని, గాలిని క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. పాత పైపులను పగలకముందే మార్చాలి. పరిహారం కోసం పోరాడే రోజు రాకముందే ఈ రెండూ గట్టిగా అడుగుదాం.