విచారణ ఎక్కడ పోయింది?: ‘ఠాగూర్’ లాజిక్ తగవు, ఉత్తరాంధ్ర కథాసంప్రదాయం

తన చేత్తోనే శిక్ష వేసే కథానాయకుడి సినిమా చూసి వచ్చినవాళ్లు పోట్లాడుకునేది ఎక్కువగా ‘లాజిక్’ మీదే. ఒక షాట్‌కీ మరో షాట్‌కీ చొక్కా మారిందనో, గోడ గడియారంలో వేళ తేడా వచ్చిందనో పట్టుకునేవి ఎడిటింగ్ గదిలో దొర్లిన తప్పులు. వాటితో ఈ వ్యాసానికి పని లేదు. ఇక్కడ పరిశీలించేది కథలో మిగిలిపోయిన ఖాళీలను. ఫలానావాడే దోషి అని హీరోకి ఎవరు చెప్పారు? ఇంత పథకానికి డబ్బెక్కడిది? చూసినవాళ్లు నోరెందుకు విప్పలేదు? శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా విజయనగరం గంటస్తంభం దగ్గరైనా టీ కొట్టు ముందు ఇదే సందేహం ‘‘ఆడికియన్నీ ఎలగ తెలిసాయి బావూ?’’ అన్న రూపంలో వినిపిస్తుంది. ఈ ప్రశ్నలన్నీ వేలు పెట్టేది ఒకే చోట: కోర్టయితే సాక్షిని బోనెక్కించే చోట, ఊరి పెద్దలైతే రెండు పక్షాల మాటా వినే చోట. ఈ తరహా సినిమా కత్తిరించేది విచారణను, ఖాళీ పడేదీ అక్కడే అన్నది నా వాదన.

వి.వి. వినాయక్ దర్శకత్వంలో 2003 సెప్టెంబరులో వచ్చిన ‘ఠాగూర్’ ఇందుకు మంచి ఉదాహరణ. మురుగదాస్ తీసిన తమిళ ‘రమణ’ (2002) దీనికి మూలం. ఇందులో కథానాయకుడు రవీంద్రనాథ్ (చిరంజీవి) కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. అతని పాత విద్యార్థులు ఏసీఎఫ్ అనే రహస్య దళంగా ఏర్పడి, లంచగొండి అధికారులను ఒక్క ఊపున ఎత్తుకుపోతారు. అందరిలోకీ ఎక్కువ తిన్నవాణ్ణి చంపి మిగిలినవాళ్లను వదిలేస్తారు. ‘ఎక్కువ’ అని ఎలా తేల్చారు? ఫైళ్లు చూశారు, లెక్కలు కట్టారు. ఆ లెక్క తప్పని చెప్పుకునే అవకాశం చచ్చినవాడికి లేదు. పాసుపుస్తకం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న ప్రేక్షకుడు ఈ ప్రశ్న వేసుకోడు. అతని సాక్ష్యాన్ని అతనే వెంట తెచ్చుకున్నాడు. సినిమా చూపని విచారణను తన అనుభవంతో పూరించుకుని చప్పట్లు కొడతాడు. హాలు బయటికొచ్చాక, సోడా తాగుతున్నప్పుడు, అదే మనిషి లాజిక్ అడుగుతాడు.

ఈ సినిమాలో అందరికీ గుర్తున్న ఘట్టం మరొకటి ఉంది. ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడని తేల్చిన మనిషిని హీరో పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అక్కడివాళ్లు శవాన్ని చేర్చుకుంటారు, వైద్యం మొదలెడతారు, డబ్బు కట్టమంటారు, ఇంకా కట్టమంటారు, చివరికి బతికించలేకపోయామంటారు. అప్పుడతను మరణ ధ్రువపత్రం బయటపెడతాడు. వైద్యం తెలిసినవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. చల్లబడి బిగుసుకున్న ఒంటిని వార్డు బాయ్ కూడా గుర్తుపడతాడు. అయినా ఈ ఘట్టం మీద లాజిక్ తగవు నేను దాదాపు వినలేదు. కారణం రెండు విధాలు. డాక్టర్లకు తెలియకపోవడం ఇక్కడ కథ కాదు, తెలిసీ దాచడమే కథ. రెండోది నా వాదనకు ముఖ్యం: సినిమా మొత్తంలో హీరో కాగితం పట్టుకుని, తేదీ చూపించి, ఎదుటివాణ్ణి మాట్లాడనిచ్చి నేరం రుజువు చేసింది ఇక్కడే. విచారణ ఉన్న చోట ఖాళీ కనిపించలేదు. కవిటి, సోంపేట, పలాస చుట్టుపట్ల ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బుతో ఇళ్లకు ఇళ్లే ఆసుపత్రుల పాలయ్యాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో గాని తెరుచుకోలేదు. అంతకుముందు డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లి బిల్లులు కట్టిన కుటుంబాలకు ఆ దృశ్యంలోని కౌంటరు కొత్తది కాదు.

పోలీసు వైపు కూడా ఇంతే. పై అధికారులకు అందని గుట్టును ఒక మామూలు కానిస్టేబుల్ పట్టుకుంటాడు. ఆ సూర్యం పాత్ర ప్రకాష్‌రాజ్‌ది. లంచం తినని ఉద్యోగులు ఏ ఆఫీసులో ఎవరున్నారో జాబితా రాసి, వాళ్లంతా ఒకే కాలేజీలో చదివినవాళ్లని తేలుస్తాడు. నిజాయితీయే అనుమానానికి ఆధారం కావడం గొప్ప ఊహ. కథలో అసలైన పరిశోధన చేసింది అతనొక్కడే గనక అతని భాగం గట్టిగా నిలబడింది.

చట్టం దగ్గర మాత్రం సినిమా పూర్తిగా జారింది. తమిళంలో హీరోకి ఉరి పడుతుంది. తెలుగులో చిరంజీవిని ఉరికంబం ఎక్కిస్తే థియేటర్ల దగ్గర ఏమవుతుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. అయిదేళ్ల జైలుతో సరిపెట్టారు. అప్పటి భారత శిక్షాస్మృతిలో 302 సెక్షన్ కింద హత్య రుజువైతే ఉరి, లేదా యావజ్జీవం. మూడో దారి లేదు. పథకం వేసి, ఎత్తుకుపోయి, ఎంచి చంపిన కేసులో అయిదేళ్లు ఏ న్యాయమూర్తీ వేయలేడు. ఇంత పెద్ద లోపాన్ని అభిమానులు దాటేశారంటే, తీర్పు రాసింది ప్రేక్షకులేనని అనుకోవాలి.

రహస్య దళానికి నాయకుడు ఉపాధ్యాయుడు అన్న ఊహ శ్రీకాకుళానికి సినిమా నేర్పింది కాదు. ఇక్కడి గిరిజన ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలైన తర్వాత ఉద్యమం సాయుధమైంది. 1970 జూలైలో ఆ ఇద్దరు పంతుళ్లూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఈ చరిత్రను సినిమా పక్కన పెడితే రెండు ఖాళీలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. మొదటిది రహస్యం. వందలమందికి తెలిసిన గుట్టు సినిమాలో ఏళ్ల తరబడి పొక్కదు; ఏజెన్సీ కొండల్లో అలా జరగలేదు. రెండోది అసమ్మతి. వర్గశత్రు నిర్మూలన పంథా సరైనదా అని విప్లవకారుల మధ్యే తీవ్రంగా వాదం నడిచింది, తరిమెల నాగిరెడ్డి వర్గం దాన్ని వ్యతిరేకించింది. ఏసీఎఫ్‌లో ‘‘మాస్టారూ, ఇతన్ని చంపాలా?’’ అని ఒక్క శిష్యుడూ అడగడు. నన్నడిగితే ‘ఠాగూర్’లో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

విచారణ మొత్తం ఉండి కూడా అన్యాయం జరిగిన కథ ఈ జిల్లాలోనే పుట్టింది. అది కాళీపట్నం రామారావు (కారా) రాసిన ‘యజ్ఞం’. సుందరపాలెంలో పంచాయతీ కూర్చుంటుంది. షావుకారు గోపన్నకు అప్పల్రాముడు పడ్డ బాకీ సంగతి. శ్రీరాములునాయుడు పెద్దరికంలో అందరి మాటా వింటారు, ఊరి ఆర్థిక చరిత్రంతా తవ్వుతారు, వడ్డీతో సహా లెక్క తేలుతుంది. కారా వృత్తికి లెక్కల మాస్టారన్నది ఊరికే గుర్తుకురాదు. అప్పల్రాముడు తీర్పుకు తలవంచుతాడు. అతని కొడుకు సీతారాముడు తన పసివాణ్ణి, అప్పులోకి పుట్టినవాణ్ణి, నరికేస్తాడు. షావుకారును వదిలి సొంత కొడుకును ఎందుకు చంపాడు, ఇది సంభవమా అని తెలుగు విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ ప్రశ్నలో దాగున్నది ప్రతీకార సినిమా కోరికే: కత్తి షావుకారు మీదికి వెళ్లాలి. కారా కత్తిని అటు తిప్పలేదు. పంచాయతీలో ఏ మెట్టూ తప్పలేదు, ఏ సాక్షీ అబద్ధమాడలేదు; ఆ పకడ్బందీతనమే సీతారాముణ్ణి అక్కడికి నెట్టింది. సినిమాలో ప్రక్రియ చిల్లులమయం, ఫలితం తృప్తికరం. ‘యజ్ఞం’లో సరిగ్గా తలకిందులు.

శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా బతికిన రావిశాస్త్రి ఈ పకడ్బందీ విచారణను ఇంకో వైపు నుంచి చూశాడు. ‘మాయ’ కథలో కొత్త వకీలు మూర్తికి కోర్టు అంటే ఏమిటో ముత్యాలమ్మ అనే సారా కేసు ముద్దాయి మాటల్లో తెలుస్తుంది. ముద్దాయి, సాక్షి, పోలీసు, ప్లీడరు అందరూ హాజరే, కాగితాలన్నీ సక్రమమే. ‘ఠాగూర్’ ప్రేక్షకుడు విచారణ లేకపోయినా సహించడానికి కారణం అతనికి తెలిసిన విచారణ ఇలాంటిది కావడమే.

‘ఠాగూర్’ తర్వాత వచ్చిన ఈ తరహా సినిమాల్లో ‘భారతీయుడు 2’ (2024) మీద నడిచిన గోల ఎక్కువగా వయసు లెక్క. ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసినవాడు నూరు దాటి గెంతుతున్నాడని. సరదా తగవే, లోతు తక్కువ. ‘అపరిచితుడు’ (2005) వేరు. లాయరు రామానుజం పలు వ్యక్తిత్వాల జబ్బుతో హత్యలు చేస్తాడు. గేదెల మందతో తొక్కించి చంపడానికి అతనొక్కడికీ అన్ని గేదెలు ఎక్కడివని అందరూ నవ్వుతారు గానీ, కోర్టు భాగం చట్టానికి దగ్గరగానే ఉంది. మతి స్థిమితం లేక తానేం చేస్తున్నాడో తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదని అప్పటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్ అనేది. రామానుజాన్ని చికిత్సకు పంపుతారు. రెండేళ్లకు నయమైందని విడుదలవుతాడు. రైల్లో తాగి గొడవచేస్తున్న మనిషిని తోసేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటాడు. ఈసారి చంపింది అపరిచితుడు కాదు, తెలివిలో ఉన్న రామానుజమే. అంతవరకూ అతన్ని కాపాడిన 84వ సెక్షన్‌ను సినిమా తన చేత్తోనే కొట్టేసింది. కథ ప్రకారం అతనిప్పుడు మామూలు హంతకుడు. హాల్లో ఈలలు పడింది మాత్రం ఆ తోపుకే.