అకారముకడ నాగిన గ్రంథము



మునగాల సంస్థానమున దివానుగా నుండి, తీరిక దొరకినపుడెల్ల శాసనములను శోధించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి పేరు మీలో పెద్దలు వినియేయుందురు. 1906వ సంవత్సరమున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పినవారిలో వారు ముఖ్యులు. సకలవిద్యలను అకారాదిక్రమమున తెలుగువారికి తెలుపునట్టి ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును వారు తలపెట్టిరి. మూడు సంపుటములు వెలువడినవి. మూడును అకారమే! 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన పంతులుగారు పరమపదించిరి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. వారును 1938లో గతించిరి. పని ముగియలేదు.

ఒక్కరి ఆయుర్దాయముతో ముడిపడిన గ్రంథమునకు ఆ యొక్కరు పోగానే దిక్కుండదు. మఱి మన భారతమో? నన్నయభట్టు అరణ్యపర్వము నడుమ విడిచెను. రెండు శతాబ్దముల పిమ్మట తిక్కన విరాటపర్వము మొదలుకొని నడపెను. ఎఱ్ఱన నడుమ మిగిలినదానిని పూరించెను. వ్యాసుని మూలము అందఱి యెదుట నుండుటచేతను, పూర్వులు వ్రాసినదానికి ప్రతులెత్తుకొన నడ్డు లేకుండుటచేతను గదా ఇది పొసగినది! ఎఱ్ఱన నాదరించిన ప్రోలయ వేమారెడ్డియే మా శ్రీశైలమునకును, ఆళ్లగడ్డ చెంతనున్న అహోబలమునకును సోపానములు కట్టించెను. ఆ మెట్లెక్కుటకు కట్టించినవాని సెలవు ఎవడును కోరడు.

అట్టి సోపానమే మన కాలమున కంప్యూటరులలో కట్టబడినది. 2001వ సంవత్సరము జనవరి 15వ తేదీన అమెరికాలో జిమ్మీ వేల్సు, లారీ శాంగరు అనువారు వికీపీడియా యను విజ్ఞానసర్వస్వము నారంభించిరి. ఇందు చదువరియే వ్రాయవచ్చును, దిద్దవచ్చును. దిద్దినపుడు పూర్వపాఠము నశింపదు. ప్రతి మార్పును భద్రమై యుండును గనుక ఒకడు చెఱచిన పుటను మఱొకడు వెంటనే యథాస్థితికి తేగలడు. పలువురు కూడి వ్రాయు ఈ పద్ధతికి 1995లో వార్డు కన్నింగుహాము నాంది పలికి, హవాయి భాషలో ‘త్వరగా’ అని యర్థమిచ్చు ‘వికీ’ శబ్దమును దానికి పేరుగా పెట్టెను.

ఈ యంత్రమును నడపునది సాఫ్టువేరు, అనగా కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుస. దానిని అమ్ముకొను సంస్థలు పెక్కు మనకు వండిన యన్నము పెట్టునే గాని వంట చెప్పవు. ఉప్పు చాలకున్నను మనము కలుపుకొనరాదు. ఇది సహింపక రిచర్డు స్టాల్‌మను అను అమెరికా దేశీయుడు 1983లో గ్నూ అను పనిని ప్రకటించి, 1989లో ఒక అనుమతిపత్రమును వెలువరించెను. దాని సారమిది: ఎవరైనను వాడుకొనవచ్చును, మూలము చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. కాని మార్చి పంచువాడు తన మూలమును గూడ ఇదే షరతుపై నీయవలెను. నేర్పంతయు ఆ కడపటి షరతులోనే యున్నదని నా యభిప్రాయము. పుచ్చుకొన్నవాడు దాతయై తీరవలెను!

వికీపీడియా మొదట క్లిఫర్డు ఆడమ్సు వ్రాసిన స్వేచ్ఛా సాఫ్టువేరుపై నడచెను. వ్రాయువారు పెరిగి అది చాలకపోగా జర్మనీ దేశపు విద్యార్థి మాగ్నసు మాన్‌స్కె క్రొత్తది వ్రాసెను. 2002 జనవరిలో అది వాడుకకు వచ్చెను. అదియు బరువునకు క్రుంగగా ఆ జూలైలోనే లీ డేనియలు క్రాకరు తిరుగవ్రాసినది వచ్చెను. నేటి మీడియావికీ దానినుండి పెరిగినదే. మన కవిత్రయమునకు మూడు శతాబ్దములు పట్టిన వరుస యిచ్చట రెండేండ్లలోపల నడచినది.

తెలుగునకు వచ్చుసరికి మఱొక చిక్కుండెను. ఒక్కొక్క పత్రికకును, ఒక్కొక్క అచ్చుకూటమునకును తనదైన అక్షరకూర్పు. ఒకచోట కూర్చినది మఱొకచోట పిచ్చిగీతలై కనబడును. ఈ బాధ నే ననుభవించితిని. మా సున్నిపెంట శ్రీశైలము ఆనకట్ట పనివారి వసతులతో పెరిగిన యూరు. ఆ జలాశయమున మునిగిన గ్రామముల పేర్లను, అచ్చటి దేవతల పేర్లను ముసలివారినడిగి వ్రాసి, ఒక దుకాణమున కంప్యూటరులో కూర్పించితిని. కొన్నియేండ్లకు దుకాణము మూతపడెను. దాచిన ప్రతిని మఱొకచోట తెఱువగా ఒక్క యక్షరమును తెలుగు కాదు! కాగితపుప్రతి యొక్కటి నా పెట్టెలో మిగిలెను గనుక బ్రదికితిని.

ఈ చిక్కు విప్పినదియు తెఱచిన మూలమే. ప్రతి తెలుగు అక్షరమునకు లోకమంతట నొకే సంఖ్య నిచ్చు యూనికోడు 1991లో వెలసెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమనల పేర్లతో అక్షరరూపములను చేసిరి. అవి యిప్పుడు స్టాల్‌మను అనుమతిపత్రము క్రిందనే లభించుచున్నవి. పాతకూర్పులను యూనికోడునకు మార్చు ‘పద్మ’ యను సాధనమును వెన్న నాగార్జునగారు నిర్మించిరి. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారము చుట్టినవారును వారే. మీడియావికీలోని యింగ్లీషు మాటలను ‘చరిత్ర’, ‘చర్చ’ యని తెనిగించుకొనుటకు మనవారు ఏ సంస్థ వాకిటను చేయిచాచి నిలువలేదు. నేడు అందు లక్షకు పైగా వ్యాసములున్నవి, అకారము మొదలు హకారము వఱకును.

లోపములు లేవనను. జనాభా లెక్కలు తప్ప మఱేమియు లేని గ్రామపుటలు పెక్కు. తప్పులును దొరలును. నా కాగితమును చేర్చబోయిన శిష్యునితో, మాస్టారు విన్నదానన్న చెల్లదు, అచ్చయిన యాధారము చూపుడని తోడివారు పలికిరి. మొదట నాకు కోపము వచ్చెను. తర్కము చదివినవాడను గదా, రాత్రికి చల్లబడితిని. ఊళ్లు మునుగకమునుపటి 1961వ సంవత్సరపు జనగణన పుస్తకములను ఇప్పుడు మేమిరువురము వెదకుచున్నాము. గ్రామములకు ఆధారము దొరకునేమో గాని, దేవతలు జనగణనకు అందరు. వారి పేర్లున్న పాత పుస్తకములు గాని, దేవాలయపు కైఫీయతుల యచ్చుప్రతులు గాని మీ యిండ్లలో నున్నచో తెలుపుడు. సెలవు.