వాద్యం కడుపులో చరిత్ర: వస్తువు, పని, నమ్మకం

1. పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కైఫీయతులు గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో వాటికి భిన్నమైన ఒక ఆధారాన్ని పరిశీలిద్దాం. సంగీత వాద్యాల లోపల, తీగల కింద మనుషులు ఉంచిన చిన్న చిన్న వస్తువులూ, వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలూ అవి. నమ్మకాన్ని ఎవరూ తేదీ వేసి రాతి మీద చెక్కరు. అయినా దాని వయసును కొంతవరకు అంచనా కట్టవచ్చు.

ఇందుకు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: అక్కడున్న వస్తువు ఏది, అది ఎక్కడిది? రెండు: అది నిజంగా ఏ పని చేస్తోంది? మూడు: అది ఏం చేస్తుందని జనం చెబుతున్నారు, ఆ చెప్పేవారు ఎవరు? ఈ మూడింటినీ కలిపేస్తే చరిత్ర మసకబారుతుంది. విడదీసి చూస్తే ఒకదాని మీద మరొకటి వెలుగు ప్రసరిస్తుంది.

2. గిటారులో పాము గిలక

గిటారు బోలు పెట్టె, మధ్యలో గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రంలోంచి చూస్తే తయారీదారు అంటించిన చీటీ కనిపిస్తుంది. కొందరు చెక్క ఎండి పగలకుండా తేమను కాపాడే చిన్న సాధనాలను లోపల ఉంచుతారు. 19వ శతాబ్దపు స్పెయిన్ గిటారు శిల్పి ఆంటోనియో దె టోరెస్ తన గిటార్లు కొన్నింటిలో రంధ్రానికి లోపలివైపు లోహపు గొట్టం అమర్చాడు. ఇవన్నీ ఏదో ఒక పని కోసం పెట్టినవే.

అమెరికా దక్షిణ ప్రాంతపు పల్లె వాద్యకారులు మాత్రం మరో వింత వస్తువును ఫిడేలులోనూ గిటారులోనూ వేసేవారు. అది రాటిల్‌స్నేక్ అనే పాము తోక చివర ఉండే గిలక. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పేవారు. ఎలుకలు దూరవని ఒకరు, సాలెపురుగు గూడు కట్టదని మరొకరు, చెమ్మ పీల్చుకుంటుందని ఇంకొకరు, నాదం మెరుగవుతుందని వేరొకరు. భక్తిపరులైన కొందరు ఫిడేలును దయ్యపు పెట్టె అని పిలిచిన నేల అది. కాబట్టి దుష్టశక్తుల నుంచి రక్షణ అన్న మాటా వినిపించేది.

ఇప్పుడు మొదటి ప్రశ్న వేయండి. ఈ పాము సహజంగా అమెరికా ఖండాల్లోనే ఉంటుంది. ఫిడేలు, గిటారు ఐరోపా నుంచి అక్కడికి చేరినవి. అంటే ఈ ఆచారం వాద్యంతోపాటు ఓడ దిగింది కాదు, ఓడ దిగిన తరువాత పుట్టింది. ఏ రాతపత్రమూ లేకుండానే ఒక నమ్మకం జన్మస్థలం మనకు దొరికింది. ఇంకో సంగతి గమనించండి. వస్తువు మారలేదు, వివరణలే మారాయి. చేతి అలవాటు నిలకడగా ఉండి నోటి మాట మారుతూ ఉంటే, ఆ వివరణల్లో కొన్నయినా తరువాత వచ్చి చేరినవని అనుమానించాలి.

3. జీవం అనే చిన్న ముక్క

ఇక మన వాద్యాల దగ్గరికి వద్దాం. తంబురలో తీగకూ బ్రిడ్జికీ మధ్య సన్నని దారపుపోగు ఉంచుతారు. దానిని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒకచోట ఆపగానే తీగ ఝుమ్మని పలుకుతుంది. ఆ పోగు పేరు జీవ, వాడుకలో జీవం.

ఈ పేరు నిన్నమొన్నటిది కాదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ రాశాడు. వీణలో దండం శివుడు, తంత్రి పార్వతి, బుర్ర బ్రహ్మ, జీవ చంద్రుడు అంటూ అందులో ఒక్కో భాగానికి ఒక్కో దేవతను చెప్పాడు. రాచకొండ నేలిన సింగభూపాలుడు 14వ శతాబ్దంలో ఈ గ్రంథానికి ‘సంగీత సుధాకరం’ అనే వ్యాఖ్య రచించాడు. అంటే తెలుగు నేల మీద కూడా ఇది పండితుల చర్చలో ఉన్న విషయమే.

ఇది కేవలం భక్తిభావనేనా? 1921లో సి.వి. రామన్ వీణ, తంబురల ధ్వనిపై ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. తీగను ఫలానా చోట మీటితే కొన్ని అతిస్వరాలు వినిపించకూడదని సాధారణ సూత్రం. ఈ వాద్యాల్లో అవి కూడా వినిపిస్తాయి. తీగ వంపు బ్రిడ్జిని ఒరుసుకుంటూ కంపించడమే ఇందుకు కారణమని, తంబురలో ఆ ఒరిపిడిని సరిచేసేది దారమేనని ఆయన వివరించారు. జీవం అన్న పేరు పెట్టినవారికి ఈ సూత్రం తెలియదు. కానీ వారి చెవికి ఫలితం తెలుసు.

వయొలిన్ లోపల కూడా జిగురు లేకుండా నొక్కుడు మీదే నిలబడే చిన్న కర్రపుల్ల ఉంటుంది. పైచెక్క కంపనాన్ని అడుగుచెక్కకు చేరవేయడం దాని పని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌కైనా, నేర్చుకునే పిల్లవాడి వయొలిన్‌కైనా అది ఉండవలసిందే. ఫ్రెంచివారు, ఇటలీవారు దానిని తమ భాషల్లో ఆత్మ అనే పిలుస్తారు. రెండు దూరదేశాల పనివాళ్ళు, తీసేస్తే వాద్యం మూగబోయే చిన్న ముక్కకు దాదాపు ఒకే పేరు పెట్టుకున్నారు.

4. ఇరవై నాలుగు మెట్లు

వీణకు 24 మెట్లు ఎందుకున్నాయి? గాయత్రీ మంత్రానికి 24 అక్షరాలు కాబట్టి అని ఒకరు, వెన్నెముకలో విడివిడిగా ఉన్న పూసలు 24 కాబట్టి అని మరొకరు చెప్పడం మీరు వినే ఉంటారు. రెండో ప్రశ్నకు జవాబు తేలికే. స్థాయికి 12 స్వరస్థానాలు, రెండు స్థాయిలకు 24 మెట్లు.

ఈ 24 మెట్ల అమరిక స్థిరపడింది తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో (1600-1634) అని సంగీత చరిత్రకారులు చెబుతారు. అందుచేత వీణ మెట్లను గాయత్రితో ముడిపెట్టే మాట అంతకంటే పాతది అయ్యే అవకాశం తక్కువ. మంత్రం ప్రాచీనమే, ముడి మాత్రం కొత్తది. ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పడమే ఇక్కడ మన పని. దానివల్ల మంత్రానికి గానీ వీణకు గానీ వచ్చే లోటు లేదు.

5. ఎవరి జ్ఞానానికి విలువ?

తెలంగాణలో డక్కలి కులస్థులు మాదిగల ముందు జాంబపురాణం చెబుతూ కిన్నెర వాయించేవారు. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, మెట్లను నిలిపే తేనెమైనం, ఒకప్పుడు మెట్లుగా వాడిన అలుగు పొలుసులు, అలంకారంగా అద్దాలు, నెమలి ఈకలు కలిస్తే కిన్నెర. ఈ పన్నెండు మెట్ల కిన్నెరను వినిపించిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది.

బొబ్బిలి వీణ మెట్లు కూడా మైనం మీదే నిలుస్తాయి. వీణ గురించి రాసేటప్పుడు దానిని పనితనం అంటాం. కిన్నెర దగ్గరికి వచ్చేసరికి బుర్ర, పొలుసు, ఈక చూసి వింత అనో మూఢాచారం అనో తేల్చేస్తాం. తేడా వస్తువులో లేదు. వీణ వెనుక సంస్కృత గ్రంథం, దానికి వ్యాఖ్య, విజ్ఞానశాస్త్ర వ్యాసం ఉన్నాయి. కిన్నెర చేసినవారి జ్ఞానం చేతి నుంచి చేతికే అందింది, కాగితం ఎక్కలేదు. ఆ చేతులు ఆగిపోతే ఆధారమూ పోతుంది. అందుకే మూడో ప్రశ్నలోని ‘ఎవరు చెబుతున్నారు’ అన్న మాటను వదలకూడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పాతదంతా విజ్ఞానమేనని ఒప్పేసుకోవడం కూడా పొరపాటే. దారం ధ్వనిని మారుస్తుందని ప్రయోగం చూపింది. పాము గిలక ఎలుకలను తరుముతుందని ఎవరూ చూపలేదు.

6. మీ చుట్టుపక్కల

ఈ పద్ధతి వాద్యాలకే పరిమితం కాదు. గండిపేట జలాశయం దగ్గర, మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో భక్తులు మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేస్తారు. విదేశాలకు వీసా వస్తుందన్న నమ్మకం వల్ల ఆ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు వచ్చింది. గుడి పాతది, వీసా ఆధునిక కాలపు పత్రం. కాబట్టి నమ్మకంలోని ఈ పొర ఇటీవలిదని వెంటనే తెలుస్తుంది.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు గ్రామాల్లో గానీ, మీ సొంత ఊరిలో గానీ డప్పు కొట్టేవారిని, ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారిని కలవండి. డప్పును మంటకు కాచేది ఎందుకు, జమిడిక లోపలి తీగను ఎలా బిగిస్తారు అని అడగండి. వారు చెప్పిన మాటను చెప్పినట్లే రాసుకోండి. మీ అభిప్రాయాన్ని వేరే కాగితం మీద రాయండి.

7. సారాంశం

వస్తువుకు పుట్టిన చోటు ఉంటుంది, పనికి కారణం ఉంటుంది, నమ్మకానికి చెప్పేవారు ఉంటారు. నమ్మకం ఏ వస్తువును ఆధారం చేసుకుందో, ఆ రూపంలో అది ఆ వస్తువు కంటే పాతది కాజాలదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే, రాతలో లేని చరిత్రను కూడా కొంత చదవగలుగుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాము గిలక ఆచారం అమెరికాలోనే పుట్టిందని ఏ ఆధారంతో చెప్పవచ్చు?
2. తంబురలోని జీవం విషయంలో నమ్మకం, పని ఎలా కలిసి ఉన్నాయో వివరించండి.
3. మీ ఇంట్లోనో ఊరిలోనో ఉన్న ఒక ఆచారాన్ని తీసుకొని, మూడు ప్రశ్నల పద్ధతిలో ఒక పుటకు మించకుండా రాయండి.