విగ్రహం ముందు సాయిబు

ఎచ్చెర్లలో ఓ ఏడాది ఏప్రిల్ 14న అంబేద్కర్ బొమ్మకి దండలేస్తున్న జనంలో నేనూ ఉన్నాను. పక్కనున్న మిత్రుడు నవ్వుతూ అడిగాడు: "ఏటి సాయిబూ, మీవోళ్లు బొమ్మలకి మొక్కరు గదా, నువ్వు దండెలాగేస్తావు?" అదే సాయంత్రం నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద ఒక పెద్దాయన ఆపాడు. "బేటా, దండ వేశావట. అది బుత్‌పరస్తీ కాదా?"

ఒకరికి నా దండ మీద అనుమానం, ఒకరికి నా ఈమాన్ మీద అనుమానం. సాయిబుకి ఎప్పుడూ రెండు వైపులా సంజాయిషీలే!

ఇద్దరికీ నా జవాబు ఒకటే. నేను మొక్కలేదు. గుర్తు చేసుకున్నాను. మొక్కేది అల్లాకి. గుర్తుంచుకోవలసింది మనుషుల్ని. నా నమాజ్‌కి 25వ అధికరణం, నా బడికి 30వ అధికరణం హామీ ఇచ్చిన రాజ్యాంగాన్ని రాసిన సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆయన ముందు రెండు నిమిషాలు నిలబడకపోతే నేను కృతఘ్నుణ్ణవుతాను. పైగా ఆయనే 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు: మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికే దారి తీస్తుందని. అంటే ఆయన బొమ్మని దేవుణ్ణి చెయ్యకుండా గౌరవించేవాడే ఆయన మాట విన్నవాడు. ఆ విషయంలో మా మసీదు పెద్దాయనకీ అంబేద్కర్‌కీ పేచీ లేదు.

ఎచ్చెర్లలో ఆయనకి రాతిబొమ్మ కన్నా పెద్ద గుర్తు ఇంకోటుంది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైన చదువుల చోటు 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. ఊళ్లో మొదటిసారి డిగ్రీ దాటే పిల్ల తన సర్టిఫికెట్ మీద ఆ పేరు చదువుకుంటుంది. దండ సాయంత్రానికి వాడిపోతుంది. ఆ కాగితం వాడిపోదు.

ఇక నా వైపు నుంచి ఒక ప్రశ్న. మీ బొమ్మల ముందు మేం నిలబడతాం సరే, మా గుర్తుల ముందు మీరు ఎప్పుడైనా నిలబడ్డారా?

ఎచ్చెర్ల నుంచి నాగావళి వైపు వెళ్తే శ్రీకాకుళం. అక్కడి జామియా మసీదుని 1641లో కట్టించినవాడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్. ఆయనకి బొమ్మ లేదు. మాకు అక్కర్లేదు కూడా. కానీ ఇంకో గుర్తుంది, అది ఎంతమందికి తెలుసు? ఆయన వెంట ఈ ప్రాంతానికి వచ్చిన పెద్దరాయుడు తాను కట్టిన ఊరికి, తన యజమాని పేరులోని 'షేర్' మీద పెద్దపులి అని పేరు పెట్టాడనీ, అదే బెబ్బులి, బొబ్బిలి అయిందనీ చెబుతారు. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధాన్ని మనం కథగా విన్నాం, సినిమాగా చూశాం. అందులో సాయిబు అంటే బుస్సీ పక్కన నిలబడ్డ హైదర్‌జంగే మనకి గుర్తు. ఊరి పేరులోనే ఉన్న షేర్ ఖాన్ గుర్తు లేడు. తాండ్ర పాపారాయుణ్ణి తల్చుకుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆయన కోట పేరులో మా వాడొకడున్నాడని చెప్పుకునే హక్కు కూడా నాకుంది. పగవాడుగా గుర్తుండి, తోటివాడుగా మరుపున పడటమే మా చరిత్ర.

అలా మరిచిపోని చోటు ఒకటుంది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఎన్టీఆర్ ప్రభుత్వం 1980లలో పెట్టించిన 33 విగ్రహాల్లో అన్నమయ్య, మొల్ల, వేమన, జాషువాలతో పాటు గోల్కొండ చివరి సుల్తాను తానీషా ఉన్నాడు, మఖ్దూం ఉన్నాడు. నా వంటివాడు ఆ కట్ట మీద నడుస్తుంటే తనవాళ్ల మధ్య నడిచినట్టే ఉండేది. 2011 మార్చి 10న ఉద్యమ ఆవేశంలో వాటిలో చాలావాటిని పగలగొట్టారు. మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ విగ్రహమూ పోయింది. ప్రత్యేక రాష్ట్రం కోరినవాళ్ల ఆవేదన న్యాయమైనదే కావచ్చు. తమ చరిత్రకి చోటు దక్కలేదన్న బాధ నాకు కొత్త కాదు. కానీ చోటు దక్కనివాడు అడగవలసింది ఇంకో పీఠం. ఉన్న పీఠాన్ని కూల్చితే తన చోటు పెరగదు. రేపు ఆ సుత్తి ఎవరి గుర్తు మీద పడుతుందో చెప్పలేం. ఈ సంగతి మాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1992 డిసెంబర్ 6ని మేం మరిచిపోలేదు.

అందుకే మా మసీదు పెద్దాయనతో అన్నాను: "చాచా, బొమ్మని గౌరవించడమంటే దాని ముందు వంగడం కాదు, దాన్ని ఎవరూ పగలగొట్టకుండా కాపలా కాయడం." ఆయన కాసేపు ఆలోచించి, "అలాగైతే సరే" అన్నాడు.

మిత్రుడికి ఇవ్వాల్సిన జవాబు మిగిలింది. ఈసారి జయంతికి దండ ఇద్దరం కలిసి వేద్దాం. ఆ తర్వాత నాతో శ్రీకాకుళం రా. మసీదు ముందు రెండు నిమిషాలు నిలబడు. మొక్కక్కర్లేదు. గుర్తుంచుకుంటే చాలు.