వ్యాయామం మొదలుపెడుతున్నారా? ముందు ఫోన్‌తో ఈ చెకప్ చేసుకోండి.. నొప్పి వస్తే మాత్రం ఆపేయాల్సిందే!

పక్కింటాయన స్క్వాట్స్ చేసి సన్నబడ్డాడని మనమూ మొదలుపెడతాం. నాలుగు రోజులకే మోకాలు పట్టేస్తుంది. ఆ వ్యాయామానికి మన ఒళ్లు సిద్ధంగా ఉందో లేదో ముందు చూసుకోకపోవడమే చాలాసార్లు దీనికి కారణం. అది చూసి చెప్పడానికే సెల్ఫ్ స్క్రీనింగ్ యాప్‌లు వచ్చాయి.

వీటిలో కొన్నింటికి మూలం అమెరికాలో గ్రే కుక్, లీ బర్టన్ రూపొందించిన ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్. ఇందులో 7 కదలికలు ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. చేసేటప్పుడు నొప్పి వచ్చిందా.. ఎంత బాగా చేసినా సున్నానే! ఈ పద్ధతిలో అసలు కీలకం ఇదే. నొప్పి ఉన్నచోట వ్యాయామం కాదు, ముందు డాక్టర్ కావాలి.

నొప్పి లేకపోతే ఎక్కడ బిగుసుకుందో, కుడి ఎడమల మధ్య తేడా ఎంతో చూస్తారు. ఉదాహరణకు స్క్వాట్‌లో మడమలు పైకి లేస్తున్నాయంటే చీలమండ బిగుసుకుని ఉండొచ్చు. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. చెప్పులు విప్పి, బొటనవేలు గోడకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించాలి. ఆనలేదంటే వంద స్క్వాట్స్ కంటే ముందు చీలమండ, పిక్కల స్ట్రెచింగ్ అవసరం. కొన్ని వారాలయ్యాక మళ్లీ ఇదే టెస్ట్ చేస్తే మార్పు తెలిసిపోతుంది.

పెద్దవాళ్లకైతే కుర్చీ టెస్ట్ చాలు. చేతులు ఛాతీపై పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టాలి. అమెరికా సీడీసీ లెక్క ప్రకారం 60-64 ఏళ్ల మగవాళ్లు 14 కన్నా, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టే. కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరు ఉండగానే చేయాలి.

అలాగని యాప్ మార్కులే వేదం కాదు. 14 లేదా అంతకన్నా తక్కువ వస్తే గాయాలు ఎక్కువని 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన అధ్యయనం చెప్పింది. తర్వాతి పరిశోధనలు దాన్ని పెద్దగా బలపరచలేదు. అన్నట్టు, కెమెరాతో కొలిచే యాప్‌ల ముందు చీర, లుంగీ, వదులు పైజామాతో నిలబడితే కీళ్లు సరిగ్గా కనిపించక లెక్క తప్పుతుంది.

ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, కళ్లు తిరిగే సమస్య, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ టెస్టులు చేయొద్దు.