క్యాసెట్ ఊదినవాడి కన్సోల్ చరిత్ర

ఆటల పెట్టెల గురించి వాదన మొదలైతే మా బావ ముందు ప్రాసెసర్ సంగతి ఎత్తుతాడు. ఎన్ని టెరాఫ్లాప్‌లు, సెకనుకు ఎన్ని ఫ్రేములు అని. ఆ లెక్కల్లో ఆయన్ని గెలవడం నా వల్ల కాదు. కానీ కన్సోల్ కంపెనీల యాభై ఏళ్ల కయ్యాన్ని వెనక్కి తిరిగి చూస్తే నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. పెట్టెలో ఎంత సత్తా ఉందన్నదానికంటే, ఆట దేనిలో నింపుకుని మన చేతికొచ్చిందన్నదే చాలాసార్లు గెలుపోటములు తేల్చింది.

మన చేతికి మొదట వచ్చింది క్యాసెట్. అమెరికావాళ్లు దాన్ని కార్ట్రిడ్జ్ అన్నారు. జపాన్ పిల్లలు మాత్రం మనలాగే ‘కాసెట్టో’ అనేవారు. ఈ విషయం తెలిసిన రోజు నాకు ఎందుకో తెగ సంతోషమేసింది.

1977లో వచ్చిన అటారీ 2600కు క్యాసెట్లే ప్రాణం, చివరికి అవే దాని మీదికి తెచ్చాయి. అటారీలో పనిచేసిన ప్రోగ్రామర్లే కొందరు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. ఆపడానికి ఆ పెట్టెకు తాళమంటూ ఏదీ లేదు. వాళ్లు మంచి ఆటలే చేశారు. వాళ్లను చూసి దిగినవాళ్లలో చాలామంది చెత్త పోశారు. 1983కల్లా అమెరికా దుకాణాల్లో కొనే దిక్కులేని క్యాసెట్లు గుట్టలు పడ్డాయి. అటారీ తన సరుకును న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్త దిబ్బలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వితే ‘ఈటీ’ ఆట క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి.

ఆ పాఠం బాగా వంటబట్టించుకున్నది నింటెండో. 1889లో క్యోటోలో పేక ముక్కలు చేస్తూ మొదలైన సంస్థ అది. 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్ తెచ్చింది. దాన్నే 1985లో ఎన్ఈఎస్ పేరుతో అమెరికాకు పట్టుకెళ్లినప్పుడు పెట్టెలోనూ క్యాసెట్‌లోనూ ఒక తాళం చిప్ పెట్టింది. ఆట ఎవరు రాసినా క్యాసెట్ మాత్రం నింటెండోయే చేసివ్వాలి. ఒక్కో కంపెనీకి ఏడాదికి అయిదు ఆటలే. నాణ్యత కోసమన్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే నాణ్యతతో పాటు అది టోల్‌గేటు కూడా.

మన ఊళ్లకు దిగిన పెట్టెలకు ఆ తాళం లేదు. జపాన్ ఫ్యామికామ్‌లోనే అది లేదు కాబట్టి, దాన్ని చూసి చేసిన నకళ్లలోనూ లేదు. మా వీధిలో ఒకాయన ముందు గదిలో రెండు టీవీలు పెట్టి గంట లెక్కన ఆడించేవాడు. క్యాసెట్ మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. లోపల ఉన్నవి పాతికో ముప్ఫయ్యో, మిగతావన్నీ అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. కాంట్రా, మారియో, సర్కస్, ట్యాంకుల ఆట. తెర మీద గీతలు పడితే క్యాసెట్ పీకి, కింద గట్టిగా ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. ఊదడం వల్ల నిజానికి ఒరిగేదేమీ లేదట, తీసి మళ్లీ పెట్టడమే అసలు వైద్యమట. పైగా నోటి తడికి లోపలి పిన్నులు పాడవుతాయట. తెలిసినా ఊదేవాళ్లమనుకోండి. నింటెండో అనే పేరు మాత్రం మాలో ఎవడికీ తెలియదు. మాకు అది ‘టీవీ గేమ్’.

మేం అలా ఊదుకుంటున్న కాలంలోనే అమెరికాలో అసలు కొట్లాట జరిగింది. నా సిద్ధాంతం ఇక్కడ పారదని ముందే ఒప్పుకుంటాను. సెగా జెనెసిస్, సూపర్ నింటెండో రెండూ క్యాసెట్ పెట్టెలే. 1991లో సెగా ‘సోనిక్’ను దింపి, పెట్టె ధర తగ్గించి, ఆ ఆటను పెట్టెతో పాటే ఇచ్చేసింది. నింటెండో చిన్నపిల్లల బొమ్మ, మాది కుర్రాళ్ల సరుకు అని టీవీ ప్రకటనల్లో బాహాటంగా ఎద్దేవా చేసింది. 1993లో ‘మోర్టల్ కాంబాట్’ రెండింటికీ వచ్చింది. నింటెండో రక్తాన్ని చెమటగా మార్చేసింది. సెగా ఒక రహస్య మీటల వరస నొక్కితే రక్తం కనపడేలా వదిలేసింది. కుర్రాళ్లు ఎటు పోయారో చెప్పక్కర్లేదు. ఆ డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణ పెట్టింది, మరుసటి ఏడు ఆటలకు వయసు ముద్రలు వచ్చాయి.

ఆ రెండు పెట్టెల ఆటల్నీ నేను చాలా ఏళ్ల తర్వాత కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ మీద ఆడాను. సెగా అభిమానులు తిట్టుకున్నా సరే, సోనిక్‌ది వేగమే తప్ప రుచి కాదు. ‘సూపర్ మెట్రాయిడ్’లో మొదటిసారి దారి తప్పినప్పుడు కలిగిన గుబులు ఆ నీలం ముళ్లపందికి ఏ లెవెల్లోనూ చేతకాలేదు. సూపర్ నింటెండో 4.9 కోట్లు అమ్ముడైంది. ఆ గెలుపు నింటెండో తలకెక్కింది.

సూపర్ నింటెండోలో ధ్వని చిప్ తయారుచేసింది సోనీ ఇంజినీరు కెన్ కుతరాగి. ఆ పెట్టెకు సీడీ డ్రైవ్ జతచేయాలని రెండు సంస్థలూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ కాగితం ప్రకారం సీడీ ఆటల మీద పెత్తనం సోనీ చేతికి పోతుందని నింటెండో పెద్దలకు ఆలస్యంగా తట్టింది. 1991 జూన్‌లో షికాగో ప్రదర్శనలో సోనీ తన యంత్రాన్ని ప్రకటించిన మర్నాడే, మేం ఫిలిప్స్‌తో వెళ్తున్నాం అని నింటెండో చెప్పేసింది. టోల్‌గేటు తాళంచెవి కోసం నడిబజారులో తెగిన పెళ్లి అది. ఆ అవమానంలోంచే 1994 డిసెంబరులో ప్లేస్టేషన్ పుట్టింది.

నింటెండో 1996లోనూ క్యాసెట్‌నే పట్టుకు వేలాడింది. సీడీలో 650 మెగాబైట్లు పడతాయి, అచ్చు వేయడం చవక. నింటెండో 64 క్యాసెట్‌లో ఎంత పెద్దదైనా 64 మెగాబైట్లే. ‘సూపర్ మారియో 64’ అయితే 8 మెగాబైట్లలో ఇమిడింది. ఆ ఎనిమిదిలో వాళ్లు చేసిన అద్భుతానికి నేను ఇప్పటికీ దండం పెడతాను. కానీ అందరూ ఆ అద్భుతాలు చేయలేరుగా. ‘ఫైనల్ ఫాంటసీ 7’ మూడు సీడీలైంది. అంతవరకూ నింటెండో ఇంటి బిడ్డలా పెరిగిన ఆ సిరీస్ 1997లో ప్లేస్టేషన్ గడప తొక్కింది. చివరికి ప్లేస్టేషన్ పది కోట్లు దాటితే నింటెండో 64 మూడున్నర కోట్లకు చేరలేకపోయింది.

సెగా సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1995లో లాస్‌ఏంజిలిస్ ప్రదర్శనలో సాటర్న్‌ను 399 డాలర్లకు ఆ రోజే దుకాణాల్లో పెట్టామని గొప్పగా చెప్పుకుంది. ఆ తర్వాత వేదికెక్కిన సోనీ మనిషి ‘299’ అని ఒక్క అంకె పలికి దిగిపోయాడు. 1998లో వచ్చిన డ్రీమ్‌క్యాస్ట్ ముచ్చటైన పెట్టె. పెట్టెలోనే మోడెమ్ పెట్టి, ఇంటర్నెట్ ఆటను ముందే ఊహించింది. ‘సోల్ కాలిబర్’, ‘జెట్ సెట్ రేడియో’ ఇవాళ చూసినా పాతబడలేదు. తాళమే సరిగ్గా వేసుకోలేదు. మామూలు సీడీలో ఎక్కించిన దొంగ కాపీ ఏ చిప్పూ అతికించకుండానే నడిచిపోయేది. దాన్ని పడగొట్టింది ఒక్క ఆ లొసుగేనని అనను. ప్లేస్టేషన్ 2 వస్తోందన్న కబురే జనాన్ని ఆపేసింది. 2001 జనవరిలో సెగా పెట్టెల వ్యాపారం మానుకుంది. ఆ ఏడాది చివరికల్లా సోనిక్ నింటెండో గేమ్‌క్యూబ్‌లో పరుగెత్తాడు.

ప్లేస్టేషన్ 2 ఆటల పెట్టెగానే కాదు, డీవీడీ ప్లేయర్‌గా కూడా ఇంట్లోకి వచ్చింది. నాన్నలు సినిమా కోసమని ఒప్పుకున్నారు. పదిహేను కోట్లు దాటి అమ్ముడైంది, ఇంతవరకూ అంతకు మించింది లేదు. మన దగ్గర కన్సోల్ అనే మాట వాడుకలోకి వచ్చింది దీనితోనే. చిప్ వేయించుకుని, కవర్లలో దొరికే డిస్కులతో ‘శాన్ ఆండ్రియాస్’ ఆడని కుర్రాడు మా హాస్టల్లో లేడు. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ దీనికోసమే ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది, సోనీయే విడుదల చేసింది. ఆట ఒక మోస్తరే. కానీ మన ఊళ్లో చేసిన ఆట ఆ నల్ల పెట్టెలో తిరిగింది. ఆ పెట్టె మీద నాకు నచ్చిన ఒకే ఒక్క ఆట చెప్పమంటే మాత్రం ‘షాడో ఆఫ్ ది కొలోసస్’. పదహారు మహాకాయులు, వాటి మధ్య బోలెడంత నిశ్శబ్దం.

తర్వాతి విడతను తొందరగా దాటేస్తాను. బ్లూరే డ్రైవ్ పెట్టి ప్లేస్టేషన్ 3ని 599 డాలర్ల దాకా తీసుకెళ్లిన సోనీ, డిస్కు యుద్ధం గెలిచి కన్సోల్ పోటీలో చెమటలు కక్కింది. మైక్రోసాఫ్ట్ పెట్టె ఎక్స్‌బాక్స్ 360లో ఎర్ర దీపాల జబ్బు వచ్చి, రిపేర్ల కోసం ఆ సంస్థ 2007లో వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సొచ్చింది. ఈ రెండూ కొట్టుకుంటుంటే నింటెండో వీ అనే చిన్న పెట్టె, చెయ్యి ఊపితే చాలన్న ఆటలతో, రెండింటినీ దాటిపోయింది.

2013లో మళ్లీ డిస్కు దగ్గరే తగువు వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత డిస్కును ఇంకొకరికి ఇవ్వాలంటే షరతులుంటాయని, పెట్టె రోజుకొకసారైనా నెట్‌తో మాట్లాడాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. సోనీ ఓ చిన్న వీడియో వదిలింది. ఒకాయన డిస్కు ఇస్తాడు, రెండో ఆయన థాంక్యూ అంటాడు, అయిపోయింది. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గినా ఆ మచ్చ పోలేదు. మరుసటి ఏడు పగ్గాలు పట్టిన మన హైదరాబాదీ సత్య నాదెళ్ల కాలంలో ఆ సంస్థ పెట్టెల కన్నా ఆటల కంపెనీల్ని కొనడం మీద పడింది. 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌నే సొంతం చేసుకుంది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సొంత ఆట ‘ఫోర్జా హొరైజన్ 5’ ప్లేస్టేషన్‌లోనూ నడుస్తోంది.

డిస్కు డ్రైవే లేని పెట్టెలు 2020 నుంచి బాగా పెరిగాయి. ఈ మధ్య కొన్ని ఆటల కార్డుల్లో అసలు ఆట ఉండటం లేదు, దించుకోవడానికి అనుమతి మాత్రమే ఉంటోంది.

మొన్న దసరాకి అక్క వాళ్లింటికి వెళ్తే మేనల్లుడు కొత్త ఆట డిస్కు పెట్టి కూర్చున్నాడు. తెర మీద గీత నత్తలా పాకుతోంది.

“డిస్కు పెట్టాను కదా మామయ్యా, మళ్లీ డౌన్‌లోడ్ ఏంటి?”

నేనేం చెబుతాను? మా బావ లేచి వెళ్లి రౌటర్ ప్లగ్ పీకి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టాడు.