పెర్సీ: ఊరికొచ్చిన ఇంటిపేరు

ఊరిపేరు ఇంటిపేరవడం తెలుగువాళ్లకు కొత్తకాదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉన్న వారమ్ పెర్సీ కథ అక్కడితో ఆగలేదు. నార్మండీలోని పెర్సీ అనే ఊరు ఒక ప్రభు వంశానికి ఇంటిపేరైంది. ఆ వంశం ఏలుబడిలోకొచ్చాక ఆ ఇంటిపేరు ఈ పల్లెకు తోకగా అంటుకుంది. పొరుగునే మరో వారమ్ ఉంది మరి, తేడా తెలియాలిగా! 15వ శతాబ్దం మొదట్లోనే పెర్సీలు ఊరు వదులుకున్నా తోక మిగిలింది. 1500 ప్రాంతంలో గొర్రెల మేతకోసం చివరి కుటుంబాలనూ వెళ్లగొట్టారు.

1950 నుంచి 1990 దాకా ఏటా వేసవిలో చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్, పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్ ఇక్కడ తవ్వకాలు నడిపించారు. చర్చి ఆవరణలో దాదాపు 700 అస్థిపంజరాలు దొరికాయి. నా దృష్టిలో అసలు సంపద అదే. రాతప్రతులకెక్కేది ప్రభువులు, ఈ ఎముకలు రైతులవి. పిల్లలకు రెండేళ్లలోపే తల్లిపాలు మాన్పించేవారని వాటి రసాయన పరీక్షల్లో తేలింది.